నలభై ఒకటో నంబరుకు డెబ్బై రెండో భాగం

ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్ ఓదెలు ఒంట్లోంచి అప్పటికి డెబ్బై ఒక్క భాగాలు తీసి నలభై ఒకటో నంబరు రైఫిలుకు బిగించారు. ఇందులో విశేషమేమీ లేదు. తుపాకీ ఎవరి పేరున ఇస్తే, దానిలో అరిగిన భాగానికి బదులు ఆ మనిషి దగ్గర్నుంచే తీసుకోవాలన్నది రూలు. తీసిన చోట ఖాళీ ఉండకూడదు కాబట్టి అరిగిన పాత భాగాన్ని మనిషిలో బిగిస్తారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఓదెలు కుడికంటి చూపు వెనక సైటుకు వెళ్లింది, ఎడమ మోకాటి పట్టు మేగజైను స్ప్రింగుకు, జబ్బ ఎముక భుజానికి ఆనించే బట్టుకు వెళ్లాయి. బదులుగా వచ్చినవాటితో ఆయన నడిస్తే కిర్రుమంటుంది. వానాకాలంలో తుప్పు పట్టకుండా భార్య సారక్క కీళ్లకు కొబ్బరినూనె రాస్తుంది. పోలీస్ లైన్స్‌లో చాలా ఇళ్లలో అంతే.

స్టోరులో కొత్త భాగాలు లేక కాదు. మైనం కాగితంలో చుట్టిన స్ప్రింగులే మూడు వందలున్నాయి. తనిఖీకి వచ్చినవాళ్లు లెక్కపెట్టినప్పుడు మూడు వందలూ ఉండాలి. ఒకటి వాడితే రెండు వందల తొంభై తొమ్మిదవుతాయి, అలా ఎందుకైందో సంజాయిషీ రాయగల గుమాస్తా ఆ ఆఫీసులో ఇంకా పుట్టలేదు.

చిక్కల్లా డెబ్బై రెండో భాగంతోనే వచ్చింది. ఆ రైఫిలు లిస్టులో ఉన్నవి నూట నలభై మూడు భాగాలు. వాటిలో ఎక్కువ వంతు, అంటే డెబ్బై రెండు, ఓదెలువి అయిన రోజున రైఫిలే ఓదెలు అవుతుంది, మిగిలిన మనిషి రైఫిలు అవుతాడు. జీతం, క్వార్టరు, వారాంతపు సెలవు ఓదెలువి. ర్యాకు, గొలుసు, తాళం రైఫిలువి. మనిషి మిగతా ఒళ్లు లిస్టులో లేదు కాబట్టి లెక్కలోకి రాదు. అందుకే డెబ్బై ఒకటోది పోయినప్పటి నుంచి నాలుగేళ్లుగా ఓదెలు ఆ తుపాకీని పసిపిల్లలా చూసుకున్నాడు. ట్రెజరీ కాపలాలో వాన వస్తే తను తడిసి దానికి రెయిన్‌కోటు తొడిగాడు. పాపం, అది ఏనాడూ తుమ్మకుండా చూశాడు.

ఫైరింగు తనిఖీ తొమ్మిది రోజుల్లో ఉందనగా అది మొరాయించింది. మొదటి తూటా పేలుతోంది, రెండోది దానంతట అది రావడం లేదు. ఆయుధాలు బాగుచేసే హెడ్ కానిస్టేబుల్ వీరబ్రహ్మం దాన్ని బల్ల మీద విప్పాడు.

“వెనుకకు పోయిన బోల్టు మల్ల ముందలికి వస్తలేదన్నా. లోపటి పెద్ద స్ప్రింగు సచ్చిపోయింది” అన్నాడు.

“నూనె పెడితే రాదా, సారూ?”

“పెట్టి చూసిన. తాగి పండుకుంటాంది.”

కావలసిన భాగానికి ఉండవలసిన లక్షణాన్ని వీరబ్రహ్మం ఫారంలో చూసి చదివాడు. ఎన్నిసార్లు వెనక్కి నెట్టినా, ఎవరూ చెప్పకుండానే తిరిగి ముందుకు రావాలి, మధ్యలో ఆగకూడదు. ఓదెలు చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. తనలో అలాంటిది ఏదో ఆయనకు వెంటనే తెలిసింది.

ఆయనకు రెండేళ్ల మనుమరాలు ఉంది, పేరు అమ్ములు. కూతురు బట్టల దుకాణంలో పనికి పోతూ పిల్లను క్వార్టరులో వదిలి వెళుతుంది. వారమంతా ఆ పిల్ల సారక్కను నిద్రపోనివ్వదు, తనూ పోదు. ఆదివారం మధ్యాహ్నం తాత మంచం మీద వాలగానే పాకి వచ్చి ఆయన ఎదకు చెవి ఆనించి, ఆ చప్పుడు వింటూ రెండు గంటలు కదలకుండా పడుకుంటుంది. ఓదెలుకు ఈ లోకంలో తనది అని చెప్పుకోవడానికి ఆ రెండు గంటలే మిగిలాయి. అవి పోకుండా ఇంకేం ఇవ్వవచ్చా అని ఆయన తన ఒళ్లంతా వెతుక్కున్నాడు.

రూలు ప్రకారం మూడు ప్రత్యామ్నాయాలు సూచించవచ్చు. పనిచేస్తే తాత్కాలికమని రాస్తారు, భాగాల లెక్కలోకి రావు, పనిచేయకపోతే తిరిగి ఇచ్చేస్తారు. ఓదెలు మొదట తన దగ్గును రాశాడు. ఎన్ని మందులు వాడి వెళ్లగొట్టినా అది తిరిగి వస్తూనే ఉంది. తీసి బిగించి ఫైరింగు రేంజిలో పరీక్షించారు. అయిదు తూటాలు చక్కగా పోయాయి. ఎండ ఎక్కాక ఆగిపోయింది. చలికాలంలో మాత్రమే పనికివస్తుందని వీరబ్రహ్మం రిమార్కు రాశాడు.

రెండోసారి ఆకలిని ఇచ్చాడు. అది దగ్గు కంటే ఎంతో మేలు, పదమూడు తూటాల దాకా ఆవురావురుమంటూ పనిచేసింది. నూనె చుక్క పెట్టగానే కడుపు నిండినట్టు నిలిచిపోయింది.

మూడోది కోపం. ఓదెలు దీని మీద గట్టి ఆశ పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా అధికారుల ముందు దాన్ని వెనక్కి నెడుతూనే ఉన్నాడు కదా, ఎంత బలంగా తిరిగి వస్తుందో అనుకున్నాడు. వీరబ్రహ్మం టార్చిలైటు వేసి చాలాసేపు వెతికాడు.

“ఉన్నదన్నా. గని ఎప్పుడో వెనుకకు పోయి ఆడనే బిగుసుకపోయింది. పదేండ్లయి ఉంటది. నువ్వు సూసుకోలేదా?”

ఓదెలు చూసుకోలేదు. ఆ మాట విన్నప్పుడు కోపం రావలసింది, రాలేదు. అందుకు ఆయనకు భయం వేసింది.

ఇక రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పంపారు. ఆయన మంచివాడు, ఓదెలును కూర్చోమన్నాడు.

“గుండె కొట్టుకునుడొక్కటే మిగిలింది. రాసియ్యరాదయ్యా? ఎందుకంత రంధి?”

“ఇయ్యనంటే ఏమైతది, సార్?”

“రైఫిలును పనికిరాదని రాస్తం. రాస్తే కొలిమికి పోతది. నీ ఒంట్ల దానివి డెబ్బై ఒక్కటి ఉన్నయి గద, అవి గూడ పోవాలె. నిన్ను ఇడిసి అవొక్కటే పంపుదమంటే రూల్ల సందు లేదు.”

ఓదెలు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“నా మనుమరాలు సార్. ఐతారం నా మీద పండుకుంటది. లేకుంటె పండుకోదు.”

“ఐతారం సెలవు ఎవలు ఆపుతుండ్రు? ఓదెలు సెలవు ఓదెలుకే ఉంటది” అన్నాడు ఇన్‌స్పెక్టర్, నిజంగానే నొచ్చుకుని.

ఓదెలు సంతకం పెట్టాడు.

తనిఖీ రోజున నలభై ఒకటో నంబరు ఇరవైకి ఇరవై తూటాలు పేల్చింది. వచ్చిన అధికారి దాన్ని భుజం నుంచి దించి, ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, నమ్మకంగా పనిచేయుచున్నదని రాశాడు. సాయంత్రానికి రిజిస్టరులో పేర్లు మార్చారు. మిగిలిన మనిషిని ర్యాకులో నలభై ఒకటో గాడిలో నిలబెట్టి గొలుసు వేశారు. వీరబ్రహ్మం మెత్తటి గుడ్డతో ఆయన ముఖం తుడిచాడు. “సలికాలం ఇంకింత నూనె ఎక్కువ పెడ్తనే, అన్నా” అన్నాడు. ఆయన వంక చూడకుండానే అన్నాడు. ఆయనలో భయం మాత్రం అలాగే ఉండిపోయింది. రైఫిలులో దానికి సరిపోయే భాగం లేదు కనుక దాన్ని ఎవరూ అడగలేదు.

ఆదివారం పన్నెండున్నరకు వ్యాను వచ్చి క్వార్టరు ముందు ఓదెలును దించింది. సెలవు చీటీ భుజాన వేసుకునే పట్టీకి కట్టి ఉంది. మేగజైనులో అయిదు తూటాలున్నాయి. అవి ఓదెలు పేరున ఇచ్చినవి కాబట్టి ఓదెలుతోనే ఉండాలి. సారక్క చీటీ మీద వేలిముద్ర వేసి, రెండు చేతులతో తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టింది. వ్యానులో వచ్చిన కానిస్టేబుల్ ఆమెకు తూటా పేలకుండా ఆపే సేఫ్టీ మీట చూపించాడు.

“గిదొక్కటి పాతదే, వదినా. మార్చలే. ఎక్కువగ జారది.”

“జారితే?”

“బొటనేలు పెట్టుకోని కూసో. మా అన్న వచ్చిననాడు మా ఇంట్ల గూడ గట్లనే కూసుంటరు.”

అమ్ములు గడప దగ్గర నిలబడి చూసింది. తరవాత మంచం ఎక్కి, చల్లగా ఉందని ఒకసారి చెయ్యి వెనక్కి తీసుకుని, చెవి ఆనించింది. లోపల చప్పుడు వినిపించింది. “తాత” అంది. ఇంకాసేపటికి నోరు తెరుచుకుని, ఎప్పటిలాగే చొంగ కారుస్తూ నిద్రపోయింది. సారక్కకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మంచం కదులుతుందని మింగింది.

లైన్స్ అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ ఎవరూ గిన్నెలు కడగరు, పిల్లలను ఆడుకోనివ్వరు, తలుపు ధడాలున వేయరు. ఇదంతా కొత్తగా వచ్చినవాళ్లకు కూడా ఎవరూ నేర్పనక్కరలేదు. పక్కింటి కొమురమ్మ కిటికీ దగ్గరికి మునివేళ్ల మీద వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, మీ ఆయన పండుకున్నడా?”

“పండుకున్నడు. మీ ఆయన?”

“ఇప్పుడే.”

కొమురమ్మ చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లింది. సారక్క చెంగు కొసతో మనుమరాలి నోరు తుడిచింది, ఎడమ చేత్తో. కుడిచేతి బొటనవేలు మీట మీదే ఉంది.