చారాణ టికెట్టు

వారపు అంగడి రోజున పార్కు తెరిస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారని కమిటీ అధ్యక్షుడు జగన్‌మోహన్ ఆశపడ్డాడు. జహీరాబాదులో సర్కారు జాగాలో వేసిన ఆ పార్కుకు సేదతీరేందుకు వచ్చే మనిషికి చారాణ, అంటే పావలా, రుసుము సర్కారు మంజూరు చేసింది. వసూలైన పైసలు పార్కుకే వాడాలి. ముందు పిల్లలకు ఉయ్యాల, ఆపైన కాపలా బస్వరాజ్ జీతం. టికెట్లు తెగకపోతే బస్వరాజ్ మళ్లీ చెరుకు కొట్టడానికి పోవాల్సిందే. అందుకే పొద్దున్నే తలకు నూనె రాసుకుని, రసీదు బుక్కు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

కోహీర్ నుంచి జామపండ్ల గంపతో వచ్చిన యాదమ్మ అతన్ని చూసి ఆగింది. "టికెట్ ఎంత?"

"చారాణ. పొద్దుగూకేదాక కూసోవచ్చు."

యాదమ్మ నమ్మలేకపోయింది. అంగడిలో గంప దించితే చాలు, తైబజారు సుంకం గుత్తేదారు చంద్రప్ప రసీదు చింపి ఆఠాణ గుంజుతాడు. పైగా నెత్తిన ఎండ. ఇక్కడ సగానికే వేపచెట్టు నీడ. వెంటనే పైసలిచ్చి లోపలికి నడిచింది.

మంచి బోణీ అని బస్వరాజ్ మురిసిపోయాడు. యాదమ్మ వెనకే అల్లం మూటలు, మిరపకాయల బస్తాలు, వాటిని వెతుక్కుంటూ కొనేవాళ్లూ వచ్చారు. టికెట్లు చింపడంలో అతను తల ఎత్తలేదు. తీరా వెనక్కి తిరిగి చూస్తే బంతిమొక్కల మధ్య తక్కెళ్లు ఊగుతున్నాయి. గేటు దగ్గర్నుంచే యాదమ్మను కేకేశాడు.

"అమ్మా, ఇది సైరుకు, చల్లగాలికి వచ్చే జాగ. అమ్ముకునేది కాదు."

"రసీదు చేతిల వెట్టినవ్ గద కొడుకా. ఇగ లేపుతే ఎట్ల?" అంది యాదమ్మ.

అప్పుడే జగన్‌మోహన్ దిగాడు. "పార్కు తెరువమంటే అంగడి వెట్టినవేంది?"

నౌకరీ గంగలో కలిసిందనుకున్నాడు బస్వరాజ్. అంతలో ఖాళీ అంగడి నుంచి చంద్రప్ప రుసరుసలాడుతూ వచ్చాడు. అంత భయంలోనూ బస్వరాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "టికెట్, పటేలా."

"నాకేనా?"

"మనిషికి చారాణ."

చంద్రప్ప పళ్లు నూరుతూ పైసలిచ్చి లోపలికి పోయి అంగడికి నడవమని గంపగంప దగ్గరా తగువు పెట్టుకున్నాడు. ఒక్కరూ కదల్లేదు. అరిచి అరిచి గొంతెండిపోతే యాదమ్మకే జాలేసింది. జామపండు కోసి ఉప్పుకారం అద్ది ఇచ్చింది. "జర కూసోని తిను, అన్నా." ఆయన వేపనీడన బెంచీ మీద కూర్చుని తిన్నాడు. చల్లగాలికి అక్కడే ఒరిగి గురక పెట్టాడు.

జగన్‌మోహన్ పైసల డబ్బా ఎత్తి చూశాడు. "ఉయ్యాలకు వచ్చినయా?"

"వచ్చినయ్ సార్. నా జీతం సుత."

అధ్యక్షుడికి నవ్వాగలేదు. "అయితే నీకు ఫికర్ లేదు. వచ్చే అంగడికి గంపలు గేటు బయటనే ఆపు."

బస్వరాజ్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. సాయంత్రం గంపలన్నీ ఖాళీ అయి వెళ్లిపోయాక కూడా చంద్రప్ప లేవలేదు. సర్కారు ఏ పనికి రుసుము మంజూరు చేసిందో, ఆ పనికి ఆ రోజు పార్కును వాడుకున్నది ఆయనొక్కడే.