పూర్తికాని సినిమా పరిరక్షణ సంఘం

సినిమా గొప్పది కావాలంటే మార్గం ఒక్కటే: అది పూర్తి కాకూడదు. పూర్తయిందంటే ఎవడో ఒకడు చూస్తాడు. చూశాడంటే పాటలు ఎక్కువయ్యాయంటాడు.

ఈ సత్యం మద్రాసుకంటే ముందు ఆదోనికి తెలిసింది. మద్రాసు నుంచి విడిపోయి మనకు కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది ఒక సినిమా కంపెనీ వచ్చి, కోట కొండ మీద యుద్ధం తీసి, డబ్బు చాలక చెప్పకుండా వెళ్లిపోయింది. సైనికులుగా నిలబడింది ఎమ్మిగనూరు నేతగాళ్లు. (శత్రువులూ వాళ్లే. భోజనాలయ్యాక తలపాగాలు మార్చుకున్నారు.) ఆ సినిమా కీర్తిని కాపాడేందుకు పత్తి వ్యాపారి వెంకటేశులు అధ్యక్షుడిగా ఒక సంఘం వెలిసింది. నిబంధనలు కఠినమైనవి. సినిమాను ఎంతసేపైనా పొగడవచ్చు. కథ అడగరాదు. షూటింగు కళ్లారా చూసినవారు సభలో మాట్లాడరాదు.

అంతా సవ్యంగా సాగుతుండగా, స్టేషను పార్సిలు గదిలో, ఎవరూ విడిపించుకోని సరుకుల కింద ఆ యుద్ధం రీళ్ల పెట్టె దొరికింది. సంఘం దుఃఖంలో మునిగింది.

అప్పుడే ఎమ్మిగనూరు నుంచి మద్దమ్మ వచ్చింది. ఆమె భర్త శేషన్న ఆ సైనికుల్లో ఒకడు. మరుసటి ఏడు కలరాతో పోయాడు. ఇంట్లో ఫొటో ఒక్కటీ లేదు.

"అప్పా, మా ఆయప్ప దాంట్లో ఉండాడు. టాకీసులో ఒక్కసారి సూపియ్యప్పా. మొగం సూసి పోతా."

"సూస్తే ఏముంటాది మద్దమ్మా? నాలుగు ఈటెలు, ఇంత దుమ్ము," అన్నాడు వెంకటేశులు. "సూడకుంటే అది మహాకావ్యం."

"మీకు కావ్యమప్పా. నాకు మొగుడు."

కార్యదర్శి గిడ్డయ్య గొంతు సవరించుకున్నాడు. "మీ ఆయప్ప యా రాజు పక్క?"

"బువ్వ పెట్టినోళ్ల పక్క."

"అట్లాంటోళ్లకు మన కాడ నిబంధన లేదే!"

మద్దమ్మ కోరికను సానుభూతితో పరిశీలించి, పెట్టెను ఎన్నటికీ తెరవరాదనీ, పూలదండ వేసి బజారులో ఊరేగించాలనీ తీర్మానించారు. రెండు తాళాలు వేశారు. (సినిమాకు ఒకటి, సంఘానికి ఒకటి.)

ఊరేగింపు నాడు మద్దమ్మ పెట్టె మీద చేయి ఆనించి నిలబడింది. హారతి వేళయింది. పెట్టె దగ్గర ముత్తైదువలే ఉండాలన్నారు. లోపలున్న మనిషి చనిపోయాడు గనుక, ఆమెను దూరంగా నిలబెట్టారు.