టోకెన్ నంబరు 4968

శుక్రవారం ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి వడ్రంగి దుకాణం దగ్గర ఆటపెట్టెను ట్రాలీ ఆటోకెక్కించాలి. ఎనిమిదిన్నరకు బావ ఇంట్లో దింపాలి. పదింటికి ఆఫీసులో తన కుర్చీలో ఉండాలి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద పథకాలు వేసుకున్న మనిషి కాదు.

ఆటపెట్టె అంటే మనిషి భుజం ఎత్తున్న చెక్క పెట్టె. పైభాగం ఏటవాలుగా ఉండి, అందులో వేలితో తాకితే పనిచేసే తెర బిగించి ఉంటుంది. తెర మీద పైనుంచి చినుకులు రాలుతుంటాయి. నేలకు తగలకముందే ఒక్కో చినుకునూ తాకి పట్టుకోవాలి. మూడు చినుకులు నేలపాలైతే ఆట ముగిసి, ఎన్ని పట్టామో ఒక అంకె పెద్దగా కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ళ కిందట రైల్వే స్టేషను పక్కన ఇలాంటి పెట్టె ఒకటి ఉండేది. అప్పుడు తెరకు బదులు మీటలు. గుమాస్తా, అతని అక్క, అక్కను చేసుకోబోయే బావ ముగ్గురూ సాయంత్రాలు దాని ముందే గడిపేవారు.

అక్క పోయి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలలూ బావ గడప దాటలేదు. సరుకులు గుమ్మం దగ్గరికే తెప్పించుకుంటున్నాడు. గుమాస్తా పనిచేసేది జనన మరణ ధ్రువపత్రాల ఆఫీసులోనే అయినా, అక్క పత్రం ఇంతవరకు తీయలేదు. భర్త స్వయంగా వచ్చి దరఖాస్తు ఇవ్వాలి. "వస్తాలే" అంటాడు బావ. రాడు. మనిషిని బయటికి తేలేకపోతే, బయటిదేదో లోపలికి తీసుకుపోదామని గుమాస్తా ఆలోచన.

మూడు నెలల ఆదివారాలు దానికే పెట్టాడు. తెరనూ, లోపలుండే చిన్న కంప్యూటరునూ తనే కొని, పుస్తకం ముందు పెట్టుకుని తీగలు కలిపాడు. చెక్క పని మాత్రం వడ్రంగికి అప్పజెప్పాడు. వడ్రంగి జీవితమంతా తలుపులూ బీరువాలూ చేసినవాడు. ఏ పని ఒప్పుకున్నా చివరికి అది బీరువాగానే బయటికి వస్తుంది. మొదట తెర మీద అద్దం బిగించాడు.

"అద్దం ఎందుకండీ? వేలితో తాకాలి కదా."

"తాకితే మరకలు పడవూ?"

"పడాలండి. ఆట అదే."

వడ్రంగి అద్దం తీసేశాడు. ఆ లోటు పూడ్చుకోవడానికి వెనక తలుపుకు గట్టి తాళం బిగించాడు. లోపలి వేడి పోవడానికి ముందువైపు వదిలిన సన్నటి సందుకు ఇత్తడి అంచు కట్టాడు. మొత్తానికి ముదురు వార్నిషు పట్టించాడు. పని పూర్తయ్యేసరికి పెట్టె ఏదో సర్కారు ఆఫీసు నుంచి తప్పించుకొచ్చినట్టు తయారైంది.

బావ తలుపు తీయలేదు. కిటికీ రెక్క జానెడు తెరిచి మాట్లాడాడు.

"ఏం తెచ్చావురా?"

"చూస్తే నీకే తెలుస్తుంది."

"అయితే చూడను."

"తలుపు తియ్యి బావా. చాలా బరువుంది."

"బరువైతే ఎందుకు మోసుకొచ్చావు? నీకు చిన్నప్పట్నుంచీ అంతే. తెలివి తక్కువ, ఓపిక ఎక్కువ."

కిటికీ మూసుకుంది. ట్రాలీ డ్రైవరు ఇంజను ఆపనే లేదు.

"తొమ్మిదింటికి నాకు సిమెంటు లోడుంది సార్. ఇక్కడ దింపమంటే దింపుతా, ఇంకెక్కడికన్నా పొమ్మంటే పోతా. ఆగమంటే మాత్రం ఆగను."

ఆకాశం ముసురు పట్టి ఉంది. వీధిలో వదిలితే తెర తడుస్తుంది. ఆఫీసు వరండాలో దింపించి, సాయంత్రం మళ్ళీ బావ మీదికి దండెత్తుదామనుకున్నాడు గుమాస్తా.

వరండాలో అటెండరు పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "కుదుపులకి లోపల ఏమన్నా ఊడిందేమో సార్. ఒకసారి కరెంటిచ్చి చూద్దాం" అని ప్లగ్గు పెట్టాడు. తెర వెలిగి "ఇక్కడ తాకండి" అంది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు గారు పిలుస్తున్నారని గుమాస్తా లోపలికి వెళ్ళాడు. గేటు తెరిచారు.

మొదట వచ్చిన ముసలాయన తెర చెప్పినట్టే తాకాడు. ఏవో రాలుతుంటే కంగారుపడి ఒకదాన్ని తాకాడు. మిగతావి పడిపోయాయి. తెర మీద 1 అని కనిపించింది. ఆయన కౌంటరు దగ్గరికి వెళ్ళి "ఒకటో నంబరండీ" అన్నాడు. నిజంగా మొదట వచ్చింది ఆయనే కాబట్టి కౌంటరులో ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాతి ఆవిడకు 6 వచ్చింది. ఆ వెనక మోటారు మెకానిక్కుకి 83. అతని వెనక కాలేజీ లెక్చరరుకు 310.

"మూడు వందల పదా? నా ముందు అంతమంది ఎక్కడున్నారయ్యా?" అన్నాడు లెక్చరరు.

"ఉండే ఉంటారు సార్. పొద్దున్నే వచ్చుంటారు" అన్నాడు అటెండరు. అప్పటికే అతను స్టూలు తెచ్చుకుని, చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకు వరసగా పిలవడం మొదలుపెట్టాడు. సున్నా వచ్చినవాళ్ళను మాత్రం మళ్ళీ నిలబెట్టాడు. సున్నా నంబరంటూ ఎక్కడా ఉండదని అతని వాదన.

పదకొండు గంటలకల్లా వరండాలో అందరికీ కిటుకు తెలిసిపోయింది. ఎంత చురుగ్గా తాకితే అంత వెనక్కి పోతారు. చూపు ఆననివాళ్ళకూ, చేతులు వణికేవాళ్ళకూ మూడూ నాలుగూ వస్తున్నాయి. కుర్రకారుకు వంద దాటుతోంది. ముసలివాళ్ళ పని ముందుగా కావడం ఆ ఆఫీసు చరిత్రలో అదే మొదలు. ఇత్తడి అంచున్న సందు చూసి, దరఖాస్తులు అందులో వేయాలని కూడా ఎవరో కనిపెట్టారు.

ఆఫీసరు గారు బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. టోకెన్ యంత్రం కావాలని పై ఆఫీసుకు అప్పటికే మూడు లేఖలు రాసింది. పన్నెండింటికి వరండాలోకి వచ్చి, చప్పుడు లేకుండా నిలబడ్డ వరసను చూసింది.

"వచ్చేసిందన్నమాట."

"అది నిజానికి మేడం..." అన్నాడు గుమాస్తా.

"ఆలస్యమైనా మంచిది పంపారు. చెక్కది. ఈ రోజుల్లో అంతా ప్లాస్టిక్కే."

"మా బావ కోసమని మేడం..."

"మీ బావగారికి కూడా పత్రం కావాలా? రమ్మనండి. అందరిలాగే టోకెన్ తీసుకోమనండి."

 అనుమతి లేకుండా సొంత సామాను దింపి, సర్కారు కరెంటుతో సర్కారు వరండాలో ఆట నడిపించానని చెప్పడానికి గుమాస్తాకు తగిన మాట దొరకలేదు. దొరికేలోగా పెట్టె స్టాకు రిజిస్టరులో చేరింది. నాలుగింటికి అటెండరు దాని నడుం మీద తెల్ల పెయింటుతో నంబరు వేస్తూ కనిపించాడు.

"ఎంత పని చేశావయ్యా" అన్నాడు గుమాస్తా.

"నాదేముంది సార్, మేడం చెప్పారు. ఇక దీన్ని బయటికి పంపాలంటే పనికిరాదని కమిటీ రాసివ్వాలి. ఇదేమో మనందరికన్నా బాగా పనిచేస్తోంది."

ఆఫీసరు గారు ఆ సాయంత్రమే పై ఆఫీసుకు కృతజ్ఞతలు రాసింది. అలాంటి యంత్రం పంపినట్టు పై ఆఫీసులో ఏ కాగితమూ లేదు. పంపలేదని రాయాలంటే ఆవిడ మూడు లేఖలూ ఏమయ్యాయో కూడా రాయాలి. అందుకని సోమవారం "అందినందుకు సంతోషం" అని జవాబు వచ్చింది. మరో నాలుగు ఆఫీసులకు అలాంటివే కావాలి, తయారుచేసిన సంస్థ వివరాలు తెలపండి అని కింద ఇంకో వాక్యం ఉంది.

అదే రోజు దరఖాస్తులు కనపడటం లేదని గొడవ మొదలైంది. వెనక తలుపు తాళంచెవి వడ్రంగి దగ్గరే ఉండిపోయింది. కబురు పెడితే వచ్చి తెరిచాడు. లోపల అరవై ఒక్క దరఖాస్తులు, ఒక దువ్వెన ఉన్నాయి. వడ్రంగి తన పనితనాన్ని అరచేత్తో నిమిరి, "వార్నిషు బాగా పట్టింది" అన్నాడు.

"అయితే ఇది మీరు చేసిందేనా?" అంది ఆఫీసరు గారు.

వడ్రంగి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా పైకప్పు వైపు చూశాడు.

"నేనేనండి."

"ఇంకో నాలుగు చేయగలరా?"

"ఎందుకు చేయలేనండి. అద్దం వేసి చేయమంటారా, వేయకుండానా?"

ఆ రాత్రి బావ తనంతట తాను ఫోన్ చేశాడు. ఎనిమిది నెలల్లో అది మొదటిసారి.

"ఆవేళ ఏదో తెచ్చావుగా. మళ్ళీ తేలేదేం?"

"దానికి ఉద్యోగం వచ్చింది బావా."

గుమాస్తా జరిగిందంతా చెప్పాడు.  బావ నవ్వకుండా అడిగాడు.

"చినుకుల ఆటేనా?"

"అదే."

"అందరిలోకీ ఎక్కువ ఎంత వచ్చింది?"

"మూడు వందల పది. కాలేజీ లెక్చరరుకి."

"మూడు వందల పదికే ఆగిపోయాడా?"

"ఇక్కడ తక్కువొస్తేనే మంచిది బావా."

"ఎవడు చెప్పాడు?" అని ఫోన్ పెట్టేశాడు.

మంగళవారం పదింటికి గుమాస్తా కౌంటరులోంచి తల ఎత్తితే వరసలో బావ కనిపించాడు. చొక్కాకు ముందువైపు మాత్రమే ఇస్త్రీ ఉంది. గుమాస్తా సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

బావ రెండు చేతులతో ఆడాడు. మొదటి పది నిమిషాలు వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు. తర్వాత పది నిమిషాలు ఈయనకేమైనా తేడా చేసిందేమోనని గుసగుసలాడారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ముప్పావు గంటకు మూడో చినుకు నేల తాకింది. తెర మీద 4968 అని వచ్చింది. వరండా అంతా అయ్యో పాపం అన్నట్టు చూసింది.

"మొదటిసారి వచ్చావా నాయనా?" అంది వెనకున్న పెద్దావిడ. "అంతసేపు తాకకూడదు. రెండు తాకి చేతులు కట్టుకోవాలి."

"తెలీలేదండి" అన్నాడు బావ.

"ఏ కాగితం కోసం వచ్చావు?"

బావ తెర మీది అంకె వైపు కాసేపు చూశాడు.

"మా ఆవిడ కాగితం కోసం."

 పెద్దావిడ బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

గుమాస్తా బయటికి వచ్చి గొంతు తగ్గించాడు. "లోపలికి రా బావా. రెండు నిమిషాల్లో చేసిస్తాను."

"వరస తప్పించి వస్తే మీ అక్క ఒప్పుకునేదా?"

గుమాస్తా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళందరికీ బావకన్నా తక్కువే వస్తున్నాయి కాబట్టి ఆయన వంతు రాలేదు. ఐదింటికి ఆఫీసు మూసేశారు. పిలిచేవరకు టోకెన్ చెల్లుతుందని ఆఫీసరు గారు అన్నది. బుధవారం మళ్ళీ వచ్చాడు. గురువారం కూర్చోవడానికి దిండు తెచ్చుకున్నాడు. చినుకు ఏ మూల నుంచి రాలబోతోందో ముందే ఎలా పసిగట్టాలో పత్రం తీసుకోవడానికి మళ్ళీ వచ్చిన మోటారు మెకానిక్కుకి వివరిస్తున్నాడని అటెండరు వచ్చి చెప్పాడు.

శుక్రవారం పెద్ద వాన. జనం పలచబడ్డారు. నాలుగుంబావుకు అటెండరు గొంతు సవరించుకుని, "నాలుగు వేల తొమ్మిది వందల అరవై ఎనిమిది" అని పిలిచాడు. వరండాలో ఉన్నది ఒక్కరే అయినా గట్టిగానే పిలిచాడు.

బావ కౌంటరు ముందు కూర్చున్నాడు. గుమాస్తా ఫారం తీశాడు.

"మరణించినవారి పేరు?"

బావ చెప్పాడు. గుమాస్తా ప్రతి అక్షరం విడివిడిగా, నిదానంగా రాశాడు. ఆ పేరు అతను రాసి చాలా రోజులైంది.

"మీకు ఏమవుతారు?"

"ఈ ప్రశ్న నువ్వడుగుతున్నావా, ఆఫీసడుగుతోందా?"

"ఆఫీసు."

"భార్య" అన్నాడు బావ. "ఆఫీసుకి ఇంకేమన్నా కావాలా?"

"సంతకం."

సంతకం పెట్టాడు. ఐదు కాకముందే పత్రం చేతికి వచ్చింది. బావ దాన్ని రెండుసార్లు చదివి, మడత పెట్టకుండా చొక్కా లోపల దాచుకుని, వాన వెలిసేదాకా గుమాస్తా పక్కనే కూర్చుని వెళ్ళాడు.

సోమవారం పదింటికి గేటు తీస్తూనే అటెండరుకు వరసలో మొదట బావ కనిపించాడు. ఈసారి చొక్కాకు రెండు వైపులా ఇస్త్రీ ఉంది.

"మీ పని అయిపోయిందిగా సార్. మళ్ళీ ఏ కాగితం?"

"కాగితమేమీ లేదయ్యా" అన్నాడు బావ, చొక్కా చేతులు పైకి మడుస్తూ. "ఐదు వేలు దాటలేదు."