యువజన సంఘానికి డెబ్భై ఏళ్ల కార్డు

"డెబ్భై ఏళ్లు నిండిన ప్రతి పౌరుడికీ, పేద ధనిక తేడా లేకుండా, ఏడాదికి ఐదు లక్షల దాకా ఉచిత వైద్యం!"

ఆటో మైకులో ఈ ప్రకటన మా వీధిలో మోగగానే, మా ఆయన కంబన్న ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాడు.

ఆయన మా ఊరి యువజన సంఘం అధ్యక్షుడు. అరవై దాటినవాళ్లు ఆ కుర్చీకి పనికిరారని నియమం రాసిందీ ఆయనే. రాసినప్పుడు ఆయనకు నలభై. తర్వాత దేశంలో అందరి వయసూ పెరిగింది. ఆయనది మాత్రం యాభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది! తలకూ మీసానికీ రంగు పూసే డ్యూటీ నాది. ఉగాది బండలాగుడు పోటీల్లో గెలిచిన ఎద్దుల యజమానికి తలపాగా చుట్టే గౌరవం ఆ కుర్చీది మరి.

ఇంతలో ఆయన గుండెలో రెండు నాళాలు పూడుకుపోయాయని కర్నూలు డాక్టరు తేల్చాడు. నెలలోపల స్టెంట్లు వేయాలన్నాడు. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

"ఆధార్‌లో డెబ్భై నిండితే చాలంట. ఏడాదిలో ఎప్పుడు పోయినా కార్డు తీస్తారంట. మన సచివాలయానికి పోదాం పా" అన్నాను.

"మన ఊర్లోనా! నా వయసు బయటపడితే సాయంత్రానికి వీరేష్ గాడు నా కుర్చీలో కూచుంటాడు!"

వీరేష్ సంఘం ఉపాధ్యక్షుడు. ముప్పై ఐదేళ్లవాడు, కాబట్టి శానా ప్రమాదకరం.

"నీకు కుర్చీ కావాల్నా, ప్రాణం కావాల్నా?"

ఆయన ఆలోచించాడు. ఆలోచించాడండీ!

చివరికి మమ్మల్నెవరూ ఎరగని చోట తీయించుకుందామని రాజీ కుదిరింది. తలకూ ముఖానికీ టవలు చుట్టుకుని మా ఆయన, వెనక నేను, మొదటి బస్సుకే కోసిగి సచివాలయానికి పోయాం. అక్కడ వరుసలో మరో రెండు టవళ్లు నిలబడి ఉన్నాయి. ఒక టవలు దగ్గింది. ఆ దగ్గు మా సంఘం కోశాధికారిది.

"ఏమప్పా సుంకప్పా, ఈడుండావు?"

"మా నాయనకు కార్డు తీపిచ్చల్లని వచ్చినా వదినా."

వాళ్ల నాయన దినాలకు వడలు తిన్నదాన్ని నేనే.

రెండో టవలు కార్యదర్శి జమాల్ బాషాది. "నేను మా అన్న కోసమమ్మా" అన్నాడు. అన్నదమ్ముల్లో ఆయనే పెద్ద!

"మరి నువ్వు?" అని వాళ్లు మా ఆయన్ని అడిగారు. "మా మామకు" అన్నాడు, మా నాయన్ని పైలోకం నుంచి పిలిపిస్తూ.

బల్ల దగ్గరున్న భువన అనే అమ్మాయి తలెత్తింది. "ఎవరి కార్డుకు వాళ్లే రావల్ల పెద్దాయనా. టవళ్లు తీయండి. ఈ ఫోన్లోకి చూసి కండ్లు ఆర్పండి."

మూడు నల్లటి తలలు బయటపడ్డాయి. ముగ్గురూ బుద్ధిగా కళ్లార్పారు. ఎవరూ నవ్వలేదు. మా ఆయన కార్డు చేతికొచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

తిరుగు బస్సులో వెనక సీటు మీద సంఘం అత్యవసర సమావేశం జరిగింది.

మర్నాడు వీరేష్ సంఘం సభలో లేచాడు. "కోసిగిలో డెబ్భై ఏళ్ల కార్డు వరుసలో మిమ్మల్ని మా అత్త చూసింది! అరవై దాటినోళ్లు కుర్చీ దిగల్ల గదా?"

మా ఆయన జేబులోంచి కార్డు తీసి, గంభీరంగా పైకెత్తాడు.

"ఆ రూలు మార్చినాం నాయనా. ఇప్పటినుంచి అధ్యక్షుడికి డెబ్భై నిండల్ల. కార్డుండల్ల. నువ్వింకా చిన్నపిల్లోడివి, రోంత ఓపిక పట్టు!"

సుంకప్ప, జమాల్ బాషా చప్పట్లు కొట్టారు. తీర్మానం నెగ్గింది.

సోమవారం స్టెంట్లకు కర్నూలు బయల్దేరుతూ, సంఘం కుర్చీని తెప్పించి మా ఇంట్లో పెట్టి, తాళం వేయించాడు.