తాళాలయ్య బొటనవేలి కట్టు

ఆ ఉదయం డేటా ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు కాచి, కాఫీ తాగి, పదింటికల్లా ఆసుపత్రి పరిశోధన గదికి చేరి, పదకొండింటికి సూపరింటెండెంటుకి లెక్కలు చూపించడం. ఈలోగా పాలు పొంగాయి. ఆయన ఉత్త చేత్తో గిన్నె దించాడు.

"పక్కనే గుడ్డ ఉంది కదండీ! లోకానికంతా జాగ్రత్తలు మీరే చెప్తారు," అని సణుగుతూ భార్య ఆయన కుడి బొటనవేలికి మందు పూసి పెద్ద కట్టు కట్టింది.

నిజానికి జాగ్రత్తలో ఆయన్ని మించినవాడు లేడు. టీపొడి డబ్బాకి సైతం తాళం వేస్తాడని ఆఫీసులో అందరూ తాళాలయ్య అంటారు. ఆరు నెలల కిందట ఆసుపత్రి లాండ్రీకి కొత్త సబ్బుపొడి వచ్చింది. అక్కడ పనిచేసే పన్నెండు మంది ఆడవాళ్ల చేతులు ఏమవుతున్నాయో నమోదు చేసే పని ఈయన మీద పడింది. బాధ చెప్పుకున్నట్టు లాండ్రీ కాంట్రాక్టరుకి తెలిస్తే పని పోతుందని వాళ్ల భయం. "మీ గుట్టు గడప దాటదు," అని మాటిచ్చి, మొదటిరోజే అందరి వేలిముద్రలూ మిషనులోకి తీసుకున్నాడు. ఎవరి వివరాలు వాళ్ల బొటనవేలికే తెరుచుకుంటాయి. తప్పనిసరైతే ఈయన బొటనవేలికి. ఇవాళ ఆ లెక్కలు సూపరింటెండెంటుకి చూపించలేకపోతే ఆ పన్నెండు మందికీ ఇంకో ఏడాది చేతి తొడుగులు రావు.

పదిన్నరకి కట్టు విప్పి వేలు పెట్టాడు. "ముద్ర కనబడలేదు," అంది మిషను. లాండ్రీకి పరుగెత్తి పన్నెండు మందినీ బతిమాలి తీసుకొచ్చాడు.

లాండ్రీ పెద్దక్క వేలు పెట్టింది. ముద్ర కనబడలేదు. తుడిచి పెట్టింది, ఊది పెట్టింది. మూడోసారికి మిషను లబోదిబోమని మొత్తుకుంది. కాపలాదారు ఉరికొచ్చి, దొంగలు పారిపోకుండా బయట గొళ్లెం పెట్టేశాడు. లోపల మిగతా పదకొండు మందికీ అదే పాట, అదే మొత్తుకోలు.

"మా గుట్టు దాచమంటే, మాకే దొరక్కుండా దాచేశారేంటి బాబూ?" అంది పెద్దక్క.

తాళాలయ్య సిగ్గుతో తల దించుకున్నాడు.

గొళ్లెం తీయించుకుని సూపరింటెండెంటు లోపలికొచ్చాడు. "ఆరు నెలలుగా చేసింది ఇదా? పాడైపోయిన మిషను పెట్టుకుని!" అంటూ విసురుగా తన వేలు పెట్టాడు.

"ముద్ర స్పష్టంగా ఉంది. మీకు అనుమతి లేదు," అంది మిషను మర్యాదగా.

ఎడమ వేలు పెట్టాడు. స్పష్టమే. కాపలాదారు చేత పెట్టించాడు. అదీ స్పష్టమే.

"వీళ్ల ముద్రలు మొదట్లో పడ్డాయా?" సూపరింటెండెంటు గొంతు తగ్గింది.

"మొదటిసారికే పడ్డాయి సార్."

"చేతులు ఇలా చూపించమ్మా."

"మా చేతులేగా, మేమే చూపిస్తాం," అని పెద్దక్క రెండు చేతులూ చాపింది. వెనకాలే మిగతావాళ్లూ చాపారు. వేలికొసలు ఎర్రగా, గీత అన్నది లేకుండా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. రోజూ తన తెల్లకోటు ఉతికేది ఆ చేతులేనని సూపరింటెండెంటుకి అప్పుడు తట్టింది.

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. సబ్బుపొడి మార్చాలి, పన్నెండు మందికీ తొడుగులు ఇవ్వాలి. తాళాలయ్య రెండుసార్లు చదువుకుని కళ్లు తుడుచుకున్నాడు. మూడోసారి చదువుతుంటే అడుగున ఉన్న చిన్న అక్షరాలు కనిపించాయి.

"తొడుగులు అందుకున్నవారు ఈ కింద స్పష్టంగా వేలిముద్ర వేయవలెను."