కమ్మి ఉంచిన సైకిలు

సైకిలు మన ఒంటికి సరిపోవాలనుకోవడం శుద్ధ పొగరు! మనమే సైకిలుకు సరిపోవాలి. చొక్కా అంటే కొలతలిచ్చి కుట్టించుకుంటాం, సరే. సైకిలుకేం ఖర్మ? అది పెద్ద కంపెనీలో పుట్టింది. మనం గటక తాగే ఇళ్లలో పుట్టాం. ఎవరికి ఎవరు తగ్గాలో మీరే చెప్పండి!

బొంబాయి కామాటిపురాలో ఒంటిగదుల చాల్‌లో ఉండే ఎల్లయ్యకు ఈ జ్ఞానం లేదు. పాలమూరు నుంచి వచ్చి బిల్డింగుల దగ్గర ఇసుక మోసేవాడు. మనిషి బాగా పొట్టి. మిల్లులు మూతపడి ఊరంతా పని వెతుక్కుంటున్న ఆ ఏడు, వర్లిలో ఒక పాల సేఠ్ ఇంటింటికీ పాలు వేసే పని ఇస్తానన్నాడు. నెల జీతం! సొంత సైకిలు ఉండాలి, తొక్కి చూపించాలి, అంతే. పెళ్లాం రాములమ్మ తన కాళ్ల కడియాలు అమ్మేసింది.

నాగ్‌పాడా దుకాణంలో ఉన్నది ఒకటే సైజు. లోకంలోని కాళ్లన్నీ ఒకే అచ్చులో పోసినవని ఆ దుకాణదారుడి నమ్మకం. ఆహా, ఏం సమానత్వం! సీటెక్కితే ఎల్లయ్య పాదాలు పెడళ్లను దూరం నుంచే దర్శించుకున్నాయి. అడ్డంగా ఉన్న కమ్మి కోసేసి సీటు దించమని వచ్చీరాని హిందీలో బతిమాలాడు.

దుకాణదారుడు ఎగాదిగా చూసి, "ఉంచీ కమీ ఆహే" అన్నాడు.

మరాఠీలో దానికి ఎత్తు తక్కువని అర్థం. ఎల్లయ్యకు మరాఠీ రాదు. అతని చెవిన పడ్డవి రెండు తెలుగు మాటలు: ఉంచు, కమ్మి. కమ్మి తీయకూడదని సర్కారు రూలు కాబోలనుకుని, దండం పెట్టి సైకిలు తెచ్చుకున్నాడు.

ఇక సాధన! కమ్మి కింద నుంచి కాలు దూర్చి, బడిపిల్లల్లా ఫోరస్ రోడ్డంతా కాంచి తొక్కాడు. నడుం ఒకవైపు, మెడ ఇంకోవైపు. యోగాసనాలకు డబ్బులు పోసే బాబులారా, ఈ భాగ్యం మీకుందా?

సేఠ్ మాత్రం పాల క్యాన్లు తగిలించి, సీటెక్కి తొక్కమన్నాడు. ఎల్లయ్య అరుగు పక్కన ఆనించి ఎక్కాడు. పైకొచ్చిన పెడల్‌నల్లా కాలి వేళ్లతో తోస్తూ బాగానే పోయాడు. ఆగడమే కుదరలేదు. కాలు దించితే నేల అందలేదు. పాలన్నీ వర్లి రోడ్డు పాలయ్యాయి. సేఠ్ పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం పక్క గది గంగారాం, తాతల నాటి నుంచి బొంబాయి మనిషి, దుకాణదారుడి మాటకు అర్థం చెప్పాడు. ఎల్లయ్యకు రాములమ్మ బోసి కాళ్లు చూసి ఏడుపొచ్చింది.

"కమ్మిని అన్నడనుకున్న గంగారాం. నన్నా అన్నది?" అన్నాడు.

తప్పంతా కాళ్లదే కదా, ఎవర్నేమంటాడు! మర్నాడు మళ్లీ ఇసుక తట్ట నెత్తికెత్తుకున్నాడు. పద్దెనిమిదో అంతస్తుకు మోయాలి. అక్కడి ముకద్దం, అదే కూలీల మేస్త్రీ, ఎంత మర్యాదస్తుడో! ఎల్లయ్య ఎత్తెంతో అడగనైనా అడగలేదు.