జాలదొడ్డి శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున శివకుమారి మనసులో వేసుకున్న పథకం చిన్నదే. ఊళ్ళో దోమల పని చూడ్డానికి వస్తున్న విదేశీ బృందాన్ని మధ్యాహ్నానికల్లా సాగనంపి, నందికొట్కూరు బస్సెక్కాలి. అక్కడ అవ్వ దగ్గర పెరుగుతున్న కూతురు అంజలికి, "బదిలీ అయిపోయిందే, ఇంక నీ దగ్గరే ఉంటా" అని చెప్పాలి. జాలదొడ్డిలో నర్సమ్మగా కుదిరినప్పటి నుంచీ ఆమె ప్రభుత్వాన్ని అడిగింది ఆ ఒక్క బదిలీనే.

అడ్డం వచ్చింది దోమ. నిల్వ నీళ్ళలో దోమ గుడ్లు పెడుతుంది కాబట్టి ప్రతి శుక్రవారం ఊరంతా డ్రమ్ములూ తొట్లూ ఖాళీ చేసి ఆరబెట్టాలని పైనుంచి ఉత్తర్వు. మంచి మాటే. కాకపోతే జాలదొడ్డికి కుళాయి నీళ్ళు వారానికి ఒక్కసారి, గురువారం వస్తాయి. ఏ దేశంలో కూర్చుని ఎవరు శుక్రవారం అన్నారో గానీ, వాళ్ళింట్లో కుళాయి రోజూ వస్తుందని మాత్రం శివకుమారి ఒట్టేసి చెప్పగలదు. అందుకే ఇన్నాళ్ళూ ఆమె డ్రమ్ముల మూతులకు పాత చీరగుడ్డలు కట్టించి ఊరుకునేది. దోమా లేదు, గొడవా లేదు.

ఈసారి గుడ్డలు పనికిరావన్నాడు ముందురోజే జిల్లా నుంచి వచ్చిన అధికారి వెంకటేశ్వర్లు.

"వాళ్ళు దేశాలన్నీ తిరిగి చూస్తాండారమ్మా. కిందినుంచి పైదాకా అందరం ఒక్క మాట మీద ఉండామని కనపడల్ల. ఊరంతా ఖాళీ డ్రమ్ములు చూపిచ్చు. నీ బదిలీ సంగతి నేను చూసుకుంటా."

తెల్లవారీ వారకముందే శివకుమారి ఇల్లిల్లూ తిరిగింది. గిడ్డమ్మ డ్రమ్ముకు అడ్డంగా నిలబడింది.

"నిన్న పట్టిన నీళ్ళు ఈ పొద్దు పారబోయాల్నా? నీకేమన్నా గాలి సోకిందా తల్లీ?"

"కాసేపట్లో ట్యాంకరొస్తాదక్కా. పంచాయతీ సెక్రటరీ హనుమేష్ మాటిచ్చినాడు."

"ఆయప్ప మాట నేను నమ్మను. నిన్ను నమ్ముతా. నా మనవరాలి పానం నిలబెట్టినదానివి."

గిడ్డమ్మ డ్రమ్ము ఒంపింది. ఆమెను చూసి వీధంతా ఒంపింది. నీళ్ళు కాలవలో పడి పోతుంటే శివకుమారి ట్యాంకరు వచ్చే దారి వైపు చూసింది.

ట్యాంకరు చెప్పిన వేళకే వచ్చింది. అదొక వింత. వచ్చిన ట్యాంకరు వీధిలో ఆగకుండా నేరుగా బడికి పోయింది. శివకుమారి పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి డ్రైవరు నబీ సాహెబ్ బడి వరండాలోని డ్రమ్ములన్నీ నింపేసి పైపు చుట్టుకుంటున్నాడు. హనుమేష్ చెమట తుడుచుకున్నాడు.

"నీకు మాటిచ్చినా, కాదన్లేదక్కా. కానీ మా పైసారు ఫోన్ చేసి ఇస్కూలుకే పొమ్మన్యాడు. ఆ టీమే ఈడ పిల్లోళ్ళు చేతులు కడిగేది చూస్తారంట. మీది దోమ, మాది చేతులు. శాఖ వేరే గదక్కా! వాళ్ళు చూసి పోయినాక మిగిలిన నీళ్ళు మీ వీధికే."

ఆ మాట ఇంకా ముగియలేదు, వెంకటేశ్వర్లు వరండాలోకి వచ్చాడు. నిండు డ్రమ్ములు చూసి గుండె పట్టుకున్నాడు.

"శుక్రవారం పూట ఇన్ని నీళ్ళా! కొంప ముంచుతారా?"

"సార్, ఆగండి..." అని శివకుమారి అనేలోపే తన మనుషులతో వరసగా అన్నీ దొర్లించేశాడు. అప్పటికే సబ్బు రాసుకుని తయారుగా ఉన్న పిల్లలు నురగ చేతులు చాపుకుని అలాగే నిలబడ్డారు.

"ఇప్పుడే పోసినా గదా సార్!" అన్నాడు నబీ సాహెబ్, ఎవరికీ వినపడకుండా.

సంగతి వీధికి తెలిసింది. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే బృందం కారు వచ్చి ఆగింది. దిగిన దొరసాని ముందు గిడ్డమ్మ తన బిందె తలకిందులు చేసింది.

"సుక్క లేదు! సూడు!"

వెంకటేశ్వర్లు తడుముకోలేదు. ఒక్క చుక్క కూడా నిల్వ లేదని ప్రజలే స్వయంగా ఎదురొచ్చి చూపిస్తున్నారని ఇంగ్లీషులో చెప్పాడు. బృందం చప్పట్లు కొట్టింది. దొరసాని శివకుమారి చేతులు పట్టుకుని, ఇంకా ఏం కావాలో చెప్పమని వెంకటేశ్వర్లు చేత అడిగించింది.

శివకుమారి నాలుక చివరి దాకా బదిలీయే వచ్చింది. కానీ ఎదురుగా గిడ్డమ్మ బోర్లించిన బిందె ఉంది.

"శుక్రవారం వద్దని చెప్పండి సార్. గురువారం పొద్దున్నే, కుళాయి రాకముందు పెడితే డ్రమ్ములు ఎట్లయినా ఖాళీగానే ఉంటాయి. కడిగి ఆరబెట్టుకుని, నీళ్ళొచ్చినాక పట్టుకుంటారు."

వెంకటేశ్వర్లు మొహం పాలిపోయింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషితో మీ శుక్రవారం తప్పని ఎలా అనేది? ఇంగ్లీషులో ఏదో చాలాసేపు చెప్పాడు. దొరసాని మురిసిపోయి రాసుకుంది.

గిడ్డమ్మకు మొహం చూపించలేక శివకుమారి నబీ సాహెబ్ పక్కన ట్యాంకరెక్కి పక్కూరి బోరుకు పోయింది. వీధిలో డ్రమ్ములన్నీ నిండేసరికి బస్సు వెళ్ళిపోయింది. "ఈ పొద్దు కూడా రావామ్మా?" అని అంజలి ఫోన్లో అడిగినప్పుడు ఆమెకు ఏడుపాగలేదు. నబీ సాహెబ్ మొహం అటు తిప్పుకుని పైపు చుట్టుకున్నాడు.

మరుసటి వారం వెంకటేశ్వర్లు ఫోన్ చేశాడు.

"జాలదొడ్డి అందరికీ నమూనా అయిపాయ తల్లీ! ఇంత బాగా చేసే మనిషిని యాడికి పంపుతాం? ఇంక టీంలు వస్తానే ఉంటాయి, నువ్వు ఆడనే ఉండల్ల. ఇంకో సంగతి. నువ్వడిగింది కూడా ఒప్పుకున్యారు."

శివకుమారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "గురువారమా సార్?"

"ఆ. ప్రజల కోరిక మేరకు, గురువారం కూడా."

ఇప్పుడు జాలదొడ్డిలో నీళ్ళు పట్టుకునేది వారానికి ఒక రోజు, పారబోసేది రెండు రోజులు.